పురుగు పేరు కావాలంటే ముందు చెట్టు పేరు: శ్రీశైలం రోడ్డు మీద ట్రీహాపర్ల వెంట

మొదటి రోజు – కడ్తాల్ దాటాక

బతుకమ్మ సెలవుల్లో శ్రీశైలం హైవే మీద కార్లన్నీ దేవుడి దగ్గరికో సొంతూరికో పోతుంటాయి, మేం మాత్రం రోడ్డు పక్కన తుమ్మచెట్టు కనపడిన చోటల్లా ఆగుకుంటూ పోయాం. మేం అంటే నేనూ మా బావా. బావ డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్, కాబట్టి చెట్టు ఆయనది, పురుగు నాది. ఆయన సంచిలో కత్తెర, పాత న్యూస్ పేపర్లు, మొక్కల్ని నొక్కిపెట్టే చెక్కలు ఉన్నాయి. నా సంచిలో కెమెరా, మాక్రో లెన్స్, చేతిలో పట్టుకునే 10 రెట్ల భూతద్దం, సన్న బ్రష్, స్పిరిట్ పోసిన చిన్న సీసాలు, పెన్సిల్, లేబుల్ కాగితాలు.

వెతుకుతున్న పురుగుని ట్రీహాపర్ అంటారు, అగ్రికల్చర్ చదివినవాళ్ళకి కౌ బగ్ అంటే వెంటనే తెలుస్తుంది. సైజు బియ్యపు గింజంత. తల వెనకాల ఉండే పెంకు పైకి లేచి అటొక కొమ్ము ఇటొక కొమ్ములా పెరుగుతుంది, అదే పెంకు వెనక్కి సాగి వీపు మీదుగా రెక్కల చివర దాకా ముల్లులా పోతుంది. చూసినవాళ్ళు కొమ్ములు తలకి ఉన్నాయనుకుంటారు, కాదు, తల ముందుకి కిందకి వంగి ఉంటుంది, పైన కనిపించేదంతా ప్రొనోటం అనే ఆ పెంకే. ప్రపంచంలో 3,000 కి పైగా జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగం అమెరికా ఖండాల్లో. మన దేశంలోవి దాదాపు అన్నీ సెంట్రోటినే అనే ఒకే ఉపకుటుంబం, అందుకే పైపైన చూస్తే అన్నీ గోధుమరంగో నలుపో, రెండు కొమ్ములతో ఒకేలా కనిపిస్తాయి. ఒక్క ఫోటో చూపించి ఇదేంటో చెప్పండి అంటే బాగా తెలిసినవాళ్ళు కూడా ఎదురు అడిగేది ఒకటే, ఏ చెట్టు మీద దొరికింది అని. దానికి ఏదో తుమ్మ అని జవాబిస్తే అక్కడితో ఆగిపోతుంది. నేను బావని వెంట తెచ్చుకుంది అందుకే.

కడ్తాల్ దాటాక రోడ్డు వారన సర్కారు తుమ్మ పొదలు మొదలయ్యాయి. పురుగుని నేరుగా వెతికితే దొరకదు, అది కొమ్మ మీద ముల్లు పక్కన ముల్లులా కదలకుండా ఉంటుంది, అదే దాని బతుకు. చీమల్ని వెతకాలి. మొదలు దగ్గర నిలబడి చూస్తే నల్లటి గండుచీమలు వరసగా పైకి పోతూ ఉంటాయి, కొన్ని పొట్ట ఉబ్బి కిందకి వస్తూ ఉంటాయి, ఆ పైకి పోయేవి ఎక్కడ ఆగుతున్నాయో అక్కడికి కళ్ళు పెట్టాలి. ఆగిన చోట లేత కొమ్మ మీద బూడిద రంగు పిల్ల పురుగులు గుంపుగా, పక్కనే కొమ్ములున్న పెద్దవి రెండు మూడు. చీమ మీసాలతో పిల్ల పురుగు వెనక భాగం తడుముతుంది, అది పొట్ట చివరి గొట్టాన్ని బయటికి చాపి ఒక తియ్యటి బొట్టు వదులుతుంది, చీమ తాగేస్తుంది. ఈ తేనెబొట్టు కోసమే చీమలు వాటిని కాపలా కాస్తాయి, సాలీడు గానీ అక్షింతల పురుగు గానీ దగ్గరికి వస్తే వెంటపడి తరిమేస్తాయి. ఈ చీమ కాంపొనోటస్ కంప్రెసస్, మన ఊళ్ళల్లో అందరికీ తెలిసిన పెద్ద నల్ల చీమే.

బావ అప్పటికే కొమ్మ వంచి ఆకులు చూస్తున్నాడు. "పూత జూడు బామ్మర్దీ, తుమ్మలకి పూత గుండ్రంగ బంతి లెక్క వస్తది, దీనికి పొడుగ్గ వేలాడుతది. పేరుకే తుమ్మ, ఇది ప్రొసోపిస్" అన్నాడు. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు. అమెరికా వైపుది, 1877 లో కడప ప్రాంతంలో నాటారు, తర్వాత కరువు నేలలన్నీ దానివే అయ్యాయి. ఇందులో నన్ను కట్టిపడేసేది ఏంటంటే ఈ పురుగు మాత్రం మన నేలదే. దీన్ని 18వ శతాబ్దం చివర్లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ వర్ణించాడు, అంటే సర్కారు తుమ్మ మన నేల మీదకి రాకముందే. ఎక్కడి నుంచో వచ్చిన చెట్టుని మన పురుగు ఇల్లు చేసుకుంది, మన చీమ కూడా దాని వెనకే వచ్చింది, ఇదంతా 150 ఏళ్ళలోపు జరిగింది, రోడ్డు పక్కన అందరి కళ్ళ ముందే.

దారిలో తంగేడు విరగబూసి ఉంది. అక్క బతుకమ్మకి పూలు తెమ్మని మరీ మరీ చెప్పింది కాబట్టి ఆగి కోశాం, కోస్తూ ప్రతి పొదా తిరగేశాం. ఆకుల మీద సీతాకోకచిలుక గొంగళ్ళు ఉన్నాయి, ట్రీహాపర్ ఒక్కటీ లేదు. ఆ సంగతి కూడా నోట్‌బుక్‌లో రాశాను, తంగేడు, వెతికాం, లేదు అని. వెతికి లేకపోవడం వేరు, అసలు వెతక్కపోవడం వేరు కదా, నోట్‌బుక్‌లో మొదటిది రాయకపోతే తర్వాత ఆ రెండూ ఒకటే అయిపోతాయి.

రాత్రి కల్వకుర్తిలో అక్క వాళ్ళింట్లోనే. భోజనాలప్పుడు అక్క అడిగింది, "గది పంటలను గిట్ల ఖరాబ్ చేస్తదారా?" అని. రసం పీల్చే పురుగే కాబట్టి ఎక్కువైతే చేస్తుంది, కంది మీదా వంగ మీదా కౌ బగ్గులు వస్తాయి, కాకపోతే తుమ్మ మీద ఉన్నదీ వంగ మీద ఉన్నదీ ఒకటే అనుకుని మందు కొట్టడం మొదలుపెడితేనే అసలు నష్టం. అవి వేరు వేరు పురుగులు అని చెప్పాలన్నా ముందు పేర్లు తేలాలి.

రెండో రోజు – డిండి

పొద్దున్నే డిండి ప్రాజెక్టు. వానలు బాగా పడ్డాయి, నీళ్ళు నిండుగా ఉన్నాయి, నీటి అంచున నల్ల తుమ్మలు. ఇక్కడ ఎక్కువసేపు ఉండాలనే ముందే అనుకున్నాం ఎందుకంటే సర్కారు తుమ్మా నల్ల తుమ్మా తెల్ల తుమ్మా దగ్గర దగ్గరలోనే దొరుకుతాయి, పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఆకులు మాత్రమే చూస్తే మూడూ ఒకటే అనిపిస్తాయి, సన్న సన్న ఆకులు, జత ముళ్ళు. బావ ఒక్కో కొమ్మా పేపర్ మీద పరిచి చూపించాడు. నల్ల తుమ్మకి పసుపు బంతి పూలు, బెరడు నల్లగా పగిలి ఉంటుంది, కాయ మీద బూడిద నూగు, గింజకీ గింజకీ మధ్య బాగా నొక్కుకుపోయి సన్నబడి ఉంటుంది, ఈ కాయ చూశాక ఇంక అనుమానం అక్కర్లేదు. పాత పుస్తకాల్లో అకేసియా నిలోటికా, ఇప్పుడు వాచెల్లియా నిలోటికా అంటున్నారు, రెండూ ఒకే చెట్టు కాబట్టి పాత రికార్డులు చదివేటప్పుడు జాగ్రత్త. తెల్ల తుమ్మకి బెరడే లేత రంగులో ఉంటుంది, పూలు కూడా తెలుపు కలిసిన లేత పసుపు, కొమ్మ చివర పెద్ద పెద్ద గుత్తులుగా వస్తాయి, కాయ చదునుగా కొంచెం వంకరగా. సర్కారు తుమ్మ కాయ పసుపు రంగులో నిండుగా ఉంటుంది, మేకలు ఇష్టంగా తింటాయి.

మేకలనగానే వాటిని కాసే తాత కూడా వచ్చాడు. "ఏం జూస్తున్రు సారూ, గోందు కోసమా?" అన్నాడు. తుమ్మ బంక అనుకున్నాడు. పురుగు చూపించాం. "గీ ముల్లు పురుగా, ఇది నల్ల తుమ్మకుంటది, సర్కారు తుమ్మకుంటది, ఏపకు నేనెన్నడు జూడలే" అన్నాడు. ఎన్నేళ్ళుగా ఆ చెట్ల కింద మేకలు కాస్తున్నాడో, ఒక్క మాటలో హోస్ట్ ప్లాంట్ లిస్టు, అంటే పురుగు పుట్టి పెరిగే చెట్ల లిస్టు, చెప్పేశాడు. "గండుచీమలు పాకుతుంటయి సారూ, కొమ్మ నరికేటప్పుడు పైలం" అని ఇంకో మాట. ఆ రెండూ ఆయన చెప్పినట్టే నోట్‌బుక్‌లో ఎక్కించాను.

ఇక్కడ పురుగుని తీరిగ్గా చూసే వీలు దొరికింది. పక్క నుంచి భూతద్దం పెట్టి చూస్తే అసలు చూడాల్సింది కొమ్ములు కాదు, కొమ్ముల పొడుగు ఒకే గుంపులో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, ఆడదానికీ మగదానికీ తేడా ఉంటుంది. చూడాల్సింది వెనక్కి పోయే ముల్లు వీపుకి ఆనుకుని ఉందా, మధ్యలో సందు ఉందా అనేది. మన సెంట్రోటినే జాతుల్లో ఎక్కువవాటికి ప్రొనోటం వెనకాల స్క్యుటెల్లం అనే చిన్న ముక్కోణపు పలక బయటికి కనిపిస్తుంది. మేం చూస్తున్న దానికి ఆ పలక కనపడదు, వెనక ముల్లు దాన్ని పూర్తిగా కప్పేసి వీపుని అంటిపెట్టుకునే పోతుంది. అది ఆక్సీరేకిస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) గుర్తు, ఒకప్పుడు వీటిని వేరే ఉపకుటుంబంగా కూడా పెట్టారు. అంటే ప్రజాతి తేలింది. అందులో మన దేశంలో చాలా జాతులున్నాయి గానీ తుమ్మల మీదా ప్రొసోపిస్ మీదా గండుచీమలతో కలిసి మళ్ళీ మళ్ళీ రికార్డయింది ఆక్సీరేకిస్ టరాండస్. కొమ్ముల వాలు, రంగు, చెట్టు, చీమ అన్నీ ఆ పేరు వైపే చూపిస్తున్నాయి.

ఒక కొమ్మ దగ్గర తల్లి పురుగు కదలకుండా ఉంది, బ్రష్ దగ్గరికి తెచ్చినా ఎగరలేదు. భూతద్దంలో చూస్తే కింద కొమ్మ బెరడు మీద చీలిక. ఆడపురుగు పొట్ట చివర రంపం లాంటి భాగంతో లేత కొమ్మని చీల్చి లోపల గుడ్లు పెట్టి, వాటి మీద కాపలా కూర్చుంటుంది. దాన్ని అలాగే వదిలేసి ఫోటోలు మాత్రమే తీసుకున్నాం.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది, ఇది గట్టిగా చెప్పాలి. పెద్ద పురుగు ఒక చెట్టు మీద కనిపించినంత మాత్రాన అది దాని హోస్ట్ ప్లాంట్ అయిపోదు. దానికి రెక్కలున్నాయి, గాలికి కొట్టుకొచ్చి దేని మీదైనా వాలుతుంది. గుడ్ల చీలికలు ఉండాలి, లేదా రెక్కలు రాని పిల్ల పురుగులు ఆ చెట్టు రసం తాగుతూ పెరుగుతూ ఉండాలి, అప్పుడే అది దాని చెట్టు. పిల్ల పురుగు ఎగరలేదు, అక్కడే పుట్టింది అక్కడే పెరిగింది, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి. కానీ పిల్ల పురుగుకి కొమ్ములు సరిగ్గా ఉండవు, దాన్ని చూసి జాతి చెప్పలేం. అందుకని రెండిటినీ కలపాలి, అంటే ఈ పిల్లే ఆ పెద్దదవుతుందని కళ్ళారా చూడాలి.

దానికి బావ ఉపాయం చాలా సులువు. పక్కన చేను ఉన్న రైతుని అడిగి ఆయన గట్టు మీది నల్ల తుమ్మ కొమ్మకి పల్చటి మల్లు గుడ్డ సంచి తొడిగాం, లోపల రెక్కల మొగ్గలు ఉబ్బిన ఆఖరి దశ పిల్లలు మాత్రమే ఉన్నాయి, పెద్దవాటిని బ్రష్‌తో బయటికి తోలేశాం, రెండు చివర్లా దారంతో కట్టాం. చీమలు సంచి మీద చాలాసేపు తిరిగాయి. "తిరిగొచ్చేదాక ఎవ్వరు ముట్టకుండ జూస్త" అన్నాడు రైతు, ఆయనకి మాకంటే ఎక్కువ ఆసక్తి పుట్టింది.

మూడో రోజు – మన్ననూరు, ఫరహాబాద్

దారిలో రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం గుట్ట ఎక్కి దండం పెట్టుకుని మన్ననూరు చేరాం. ఇక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. లోపల ఆకు తెంపకూడదు, పురుగుని పట్టకూడదు, అనుమతి లేకుండా ఏదీ బయటికి తేకూడదు. సీసాలూ కత్తెరా రూములోనే పెట్టేసి కెమెరాతో మాత్రమే వెళ్ళాం. ఫారెస్ట్ వాళ్ళ బండిలో ఫరహాబాద్ వైపు తీసుకెళ్ళిన గైడ్ చెంచు అబ్బాయి, బావ అడిగిన ప్రతి చెట్టుకీ పేరు చెప్పాడు, చిరుమాను, నల్లమద్ది, బిల్లుడు, చండ్ర, బెరడు చూసి దూరం నుంచే. బావకి అప్పటిదాకా లేని సంతోషం, లాటిన్ పేరు ఈయన చెప్పడం, వాడుక పేరు ఆ అబ్బాయి చెప్పడం, దారి పొడుగునా ఇదే.

వ్యూ పాయింట్ దగ్గర బండి దిగిన చోట చండ్ర చెట్టు ఆకు కాడ మీద ఒక్కటే ఒక్క ట్రీహాపర్. నల్లగా ఉంది, కొమ్ములు సన్నగా పొడుగ్గా వెనక్కి వంపు తిరిగి ఉన్నాయి, పక్క భాగంలో తెల్లటి నూగు మచ్చ. నిన్నటిది కాదని చూడగానే తెలిసింది. లెన్స్ పక్క నుంచి పెట్టి తీసిన ఫోటోలో వెనక ముల్లు వీపు నుంచి పైకి లేచి, కింద స్పష్టంగా సందు ఉండి, అందులోంచి స్క్యుటెల్లం కనిపిస్తోంది. లెప్టోసెంట్రస్ అనే ప్రజాతి ఇలా ఉంటుంది. చుట్టూ ఉన్న కొమ్మలన్నీ చూశాం, పిల్లలు లేవు, చీమలు లేవు, గుడ్ల చీలిక లేదు. కాబట్టి నోట్‌బుక్‌లో హోస్ట్ అనే గడి ఖాళీగా వదిలేసి, వాలి కనిపించిన చెట్టు చండ్ర అని పక్కన రాశాను. ఈ రెండు గడులూ వేరువేరుగా పెట్టుకోవాలి అని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది, వాలిన చెట్టుని హోస్ట్ గడిలో ఒకసారి రాస్తే అది ఒక లిస్టులోంచి ఇంకో లిస్టులోకి ఎక్కుతూ పోతుంది, తర్వాత ఎవరూ చెట్టు దగ్గరికి వెళ్ళి చూడరు.

రాత్రి రూములో కరెంటు పోయింది, ఫోన్ వెలుతురులో బావకి ఎంకినోపా కథ చెప్పాను. అమెరికా తూర్పు భాగంలో ఎంకినోపా బైనొటాటా అని ఒక ట్రీహాపర్, ముందుకి సాగిన ఒకే కొమ్ము, వీపు మీద రెండు పసుపు మచ్చలు. చాలాకాలం అదంతా ఒకటే జాతి అనుకున్నారు. థామస్ వుడ్ అనే ఆయన ఏ చెట్టు మీదున్నదాన్ని ఆ చెట్టు మీదే పెంచి ఏళ్ళ తరబడి చూశాడు. బ్లాక్ వాల్‌నట్ మీదివి ఒక రకం, రెడ్‌బడ్ మీదివి ఒక రకం, బిటర్‌స్వీట్ తీగ మీదివి ఇంకోటి, ఒకదాంతో ఒకటి దాదాపు కలవవు. గుడ్లు చలికాలమంతా కొమ్మలోనే ఉండి వసంతంలో చెట్టులోకి రసం ఎక్కినప్పుడు పొదుగుతాయి, ఒక్కో చెట్టుకి రసం ఎక్కే సమయం వేరు, కాబట్టి ఒక్కో చెట్టు మీది పురుగుకి యవ్వనం వచ్చే రోజులూ వేరు. పైగా మగవి కొమ్మని కంపింపజేసి పాడతాయి, ఆ పాట మన చెవికి వినపడదు, కొమ్మకి సెన్సార్ పెట్టి వినాలి. మిస్సోరీ యూనివర్సిటీలో రెక్స్ కాక్రాఫ్ట్ బృందం అలా విని చూస్తే ఒక్కో చెట్టు మీది మగదానికి ఒక్కో శ్రుతి, ఆడది తన శ్రుతికే బదులిస్తుంది. ఇప్పటికీ వాటిలో చాలావాటికి సొంత పేరు లేదు, ఫలానా చెట్టు మీది ఎంకినోపా అనే పిలుస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళ ముందు రెడ్‌బడ్ చెట్లు బాగానే ఉంటాయి, ఆకు రాలే కాలంలో సన్న కొమ్మల మీద తెల్లటి గట్టిపడ్డ నురగ మచ్చలు కనపడితే అవి వీటి గుడ్ల మీది కప్పులే, ఒకసారి వెళ్ళి చూడండి.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే మన నల్ల తుమ్మ మీదిది, సర్కారు తుమ్మ మీదిది ఒకటేనా అని కూడ అడగాలె గదా" అన్నాడు. అదే అడగాలి. చూపుకి రెండూ ఒకటే. వినడానికి మాత్రం మా దగ్గర సెన్సార్ లేదు కాబట్టి రెండు చెట్ల మీదివీ వేరు వేరు సీసాల్లో, వేరు వేరు లేబుళ్ళతో ఉంచాలని అప్పుడే నిర్ణయించాం, ఎప్పుడైనా ఎవరైనా పోల్చి చూడాలనుకుంటే కలిసిపోకుండా ఉండాలి.

నాలుగో రోజు – తిరుగు దారి

పొద్దున్నే బయల్దేరి డిండి చేరేసరికి రైతు గట్టు మీదే ఉన్నాడు. ముందు ఆయన వంగతోటలోకి తీసుకెళ్ళాడు, "గీడ గూడ ఉన్నయి సార్, మీరు జూపెట్టినంక కండ్లబడ్డయి" అని. నిజమే, వంగ కాండం మీద నల్లటివి, పొడుగు కొమ్ములు, తెల్ల మచ్చ, వెనక ముల్లు కింద సందు. లెప్టోసెంట్రస్. ఈసారి కాడల దగ్గర పిల్లలు కూడా ఉన్నాయి, చీమలు కూడా ఉన్నాయి. వంగ మీద లెప్టోసెంట్రస్ టారస్ మన దక్షిణాదిలో తెలిసిన పురుగే. కానీ ఈ ప్రజాతిలో దగ్గర పోలికలున్న జాతులు ఇంకా ఉన్నాయి కాబట్టి సీసా మీద లెప్టోసెంట్రస్ అని మాత్రం రాసి ఆపాను, మగదాని జననాంగాలు మైక్రోస్కోప్ కింద చూశాకే మిగతాది. హోస్ట్ గడిలో మాత్రం ధైర్యంగా వంగ అని రాశాను. మందు కొట్టాలా అని రైతు అడిగాడు, తోటంతా తిరిగి చూస్తే ఉన్నవి కొన్ని మొక్కల మీదే, ఆ కొమ్మలు దులిపేస్తే చాలు, తుమ్మ మీదివి దీని మీదకి వస్తాయేమోనని భయం వద్దు, అది వేరే పురుగు అని చెప్పాం.

తర్వాత సంచి విప్పాం. లోపల కొమ్మకి అంటుకుని ఖాళీ పొట్టులు, వాటి పక్కనే కొత్తగా వచ్చిన పెద్ద పురుగులు, ఒకటి ఇంకా పాలిపోయిన రంగులో మెత్తగా ఉంది, కొమ్ములు అప్పుడే గట్టిపడుతున్నాయి, మిగతావి గోధుమరంగుకి తిరిగాయి. వెనక ముల్లు వీపుని అంటిపెట్టుకుని ఉంది, స్క్యుటెల్లం కనపడదు. రైతు భూతద్దం తీసుకుని చాలాసేపు వదల్లేదు, వాళ్ళ పిల్లాణ్ణి కూడా పిలిచి చూపించాడు.

రెండు పెద్దవి, రెండు పొట్టులు సీసాలో వేసుకున్నాం, మిగతావాటిని కొమ్మ మీదే వదిలేశాం. బావ అదే చెట్టు నుంచి పూతా కాయా ముళ్ళూ ఉన్న కొమ్మ ఒకటి కత్తిరించి పేపర్ల మధ్య నొక్కాడు, దాని మీదా నా సీసా మీదా ఒకే నంబరు వేశాం, ఎందుకంటే రేపు ఎవరికైనా చెట్టు మీద అనుమానం వస్తే నా మాట కాదు, ఆ కొమ్మ చూసుకోవాలి. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి, స్పిరిట్‌లో పెన్ను ఇంకు కరిగిపోతుంది. ఆక్సీరేకిస్ టరాండస్, నల్ల తుమ్మ మీద పిల్లలు పెరిగి పెద్దవవడం చూశాం, గండుచీమలు ఉన్నాయి, డిండి, చేను గట్టు, తేదీ. సర్కారు తుమ్మవాటికి ఇంకో సీసా, ఇంకో నంబరు. కల్వకుర్తి చేరాక బావ సర్కారు తుమ్మకి కూడా ఒక సంచి కుట్టమని అక్కకి మల్లు గుడ్డ ఇచ్చాడు.